కోటు వెనకవైపు

మా బాబాయికి ఎవరి మీదైనా అసూయ పుడితే ముందు వాళ్ల బట్టలకి వంక పెడతాడు. తన చిన్ననాటి స్నేహితుడికి ప్రమోషన్ వచ్చిందని పిన్ని చెబితే, "వాడి కాలర్ లోపలి అంచు చూశావా, పీచులు లేచిపోయి ఉంటుంది" అన్నాడు. పక్కింటాయన కొత్త కారు కొన్నాడని వీధి వీధంతా బయటికొచ్చి చూస్తుంటే, మావాడు కారు వైపు కన్నెత్తి చూడలేదు. అందులోంచి దిగిన మనిషి ప్యాంటు అంచు చూసి, "విప్పి మళ్లీ కుట్టించాడు, దారం రంగు కలవలేదు" అని హాయిగా లోపలికొచ్చి భోజనం చేశాడు.

ఆయన పనిచేసేది ఒక లాండ్రీలో. ముందు గదిలో కౌంటరు, నంబరు చీటీలు గుచ్చిన బట్టల వరసలు. వెనక గదిలో బుసలు కొట్టే ఆవిరి ఇస్త్రీ మిషను. దానికి ఇంకా వెనక, కిటికీ పక్కన ఒక బల్ల, వంచితే వంగే దీపం, దిండు కట్టిన కుర్చీ. అదీ మా బాబాయి సామ్రాజ్యం. నిప్పురవ్వ పడ్డ ప్యాంట్లు, ఎలక కొరికిన శాలువలు, గొళ్లానికి తగులుకుని పర్రున చిరిగిన చొక్కాలు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఆయన మాసికలు వేస్తాడు.

అతుకు వేరు, మాసిక వేరు అని మాకు అన్నంలో కలిపి పెట్టాడు. వేరే గుడ్డముక్క తెచ్చి పైన పెట్టి కుడితే అతుకు. అదే గుడ్డ మడతలోంచి పోగులు లాగి, నిలువుకి నిలువు, అడ్డానికి అడ్డం అల్లి, అసలిక్కడ చిరగనేలేదు అనిపిస్తే మాసిక. ఆయన ఏడుపంతా అక్కడే ఉంది. పని బాగా కుదిరితే కనపడదు. కనపడని పనిని ఎవరు మెచ్చుకుంటారు? చొక్కా తీసుకోవడానికొచ్చినవాళ్లు అటూ ఇటూ తిప్పి, "ఇంతకీ ఎక్కడండీ చిరిగింది?" అని అడిగి వెళ్లిపోతారు. బాబాయి లోపల్నుంచి వింటూ పళ్లు నూరుకుంటాడు. ఆవిరి మిషన్‌ని మాత్రం అందరూ "అబ్బ, ఏం ఇస్త్రీ!" అంటారు. ఆయనకి ఆ మిషన్ మీద కూడా అసూయే.

అందుకే నేను ఆయనకి బ్లాగు పెట్టించాను. చిరుగు ఫోటో పైన, మాసిక ఫోటో కింద. కనపడని పనికి కనపడే జాగా.

అప్పటికే నాకో బ్లాగుంది. అందులో మా వీధి గురించి పచ్చి అబద్ధాలు రాస్తుంటాను. మూలనున్న మంగలి షాపులో అద్దం మనుషుల్ని పదేళ్లు చిన్నగా చూపిస్తోందని రాస్తే, ఆ వారం షాపు కిటకిటలాడింది. ఎవడో ఇచ్చిన టెంప్లేట్‌ని పాడుచేసి, బాగుచేసి, మళ్లీ పాడుచేసి ఈ విద్య నేర్చుకున్నాను. ఆ దారిలో చాలా బ్లాగుల్లో దూరి చూశాను. ప్రతి రకానికీ ఓ సంత ఉంటుంది, ప్రతి సంతకీ ఓ మర్యాద ఉంటుంది.

వంటల బ్లాగులో ఉప్పెంతో తెలియాలంటే ముందు రాసినావిడ బాల్యమంతా చదవాలి. కింద ఎవరో తప్పకుండా అడుగుతారు: "మీరు చెప్పినవేవీ ఇంట్లో లేవు, వేరేవి వేశాను, రుచి రాలేదు, ఎందుకంటారు?" ఫోన్ల బ్లాగులో కామెంట్లలో తలలు పగలగొట్టుకుంటారు, ఆ ఫోను మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ప్రయాణాల బ్లాగులో అందరూ "ఈసారి నేనూ వెళ్తా" అంటారు, కుర్చీలోంచి ఒక్కరూ లేవరు. పిల్లల పెంపకం బ్లాగులో పోస్టులు వాక్యం మధ్యలో ఆగిపోతాయి, పాప లేచిందన్నమాట. కవితల బ్లాగుకి వచ్చేవాళ్లంతా కవులే. ఒకరిది ఒకరు చదవకుండానే "గుండెని తాకింది" అని రాసి, తమ కవిత లింకు పెట్టి పోతారు. మొక్కల బ్లాగులవాళ్లు అందరికన్నా మంచివాళ్లు, పోస్టులో కొమ్మలు పంపించుకుంటారు. మా పిన్ని అక్కడ పెద్ద మనిషి. అక్కడ ఆవిడ పేరు కుండీరాణి.

మాసికలవాళ్ల సంత చిన్నది. ఓ ముప్ఫై మంది ఉంటారేమో. గొడవల్లేవు, అరుపుల్లేవు. వాళ్లకి ఒక్కటే పట్టింపు. ఎవరైనా కుట్టిన దాని ముందువైపు ఫోటో పెట్టారనుకోండి, కింద వెంటనే ఒక కామెంటు పడుతుంది: "తిప్పండి." అంతే, ఇంకో మాటుండదు. వెనకవైపు చూపిస్తే గానీ వాళ్లు పొగడరు. పోగులెలా నడిచాయి, ముడి ఎక్కడ దాచారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. వాళ్లకి ఒకరి మొహం ఒకరికి తెలియదు. వెనకవైపు మాత్రం బాగా తెలుసు.

బాబాయి ఆ సంతలో "లాండ్రీ అన్నయ్య" అయ్యాడు. ప్రతి పోస్టుకీ మొదటి కామెంటు ఊలుబంతి అనే ఆవిడది. "అన్నయ్యా, కళ్లకద్దుకోవాలి ఈ వెనకవైపుని" అని రాసేది. ఆ కామెంటు పడేవరకు బాబాయి టీ తాగేవాడు కాదు. ఒకసారి నేను "గుండీ" అనే దొంగపేరుతో వెళ్లి, "అన్నయ్యా, పగిలిన మనసుకి మాసిక వేస్తారా?" అని అడిగాను. ఆయన చాలా శ్రద్ధగా జవాబిచ్చాడు: "గుడ్డ రకం చెప్పండి."

ఒక్క పోస్టు విషయంలో మాత్రం ఆయన మనసు విరిగింది. తను సొంతంగా కనిపెట్టిన ముడి ఒకటుంది. దారం చివర కత్తిరించకుండా వెనక్కి మడిచి, పోగుల కిందుగా రెండుసార్లు దూర్చి లాగితే నువ్వుగింజంత ముడి పడుతుంది. ఎంత ఉతికినా ఊడదు. దాన్ని మెట్టు మెట్టుగా ఫోటోలు తీసి పెట్టాడు. ఒక్క కామెంటు కూడా రాలేదు.

"కామెంట్ల డబ్బా పాడైందేమో చూడరా" అన్నాడు.

నేను "టెస్ట్" అని రాసి చూశాను. పడింది.

"తీసెయ్ దాన్ని. దొంగ ఒకటి కన్నా నికార్సైన సున్నా నయం" అన్నాడు. 

ఇక కోటు సంగతి. ఆ సంతకి పెద్దదిక్కు రిటైర్డ్ సూది అనే ముసలాయన. తన పాత ఉన్నికోటుని పురుగులు జల్లెడ చేస్తే, పారేయలేక ఒక ఆట మొదలుపెట్టాడు. కోటు ఒకరి దగ్గరికి వెళ్తుంది. వాళ్లు ఒకే ఒక్క చిల్లు పూడ్చి, ముందూ వెనకా ఫోటోలు తమ బ్లాగులో పెట్టి, తమకి నచ్చిన ఇంకొకరికి పోస్టు చేస్తారు. తర్వాత ఎవరికన్నది కోటు చేతిలో ఉన్నవాళ్ల ఇష్టం. "నాకు పంపండి" అని అడగడం మహా అమర్యాద. అడిగినవాళ్లకి ఇక ఎప్పటికీ రాదు.

బాబాయి అడగలేదు. కానీ అడగకుండా ఎన్ని రకాలుగా అడగవచ్చో అన్నీ చేశాడు. కోటు ఎవరి దగ్గరికెళ్తే వాళ్ల బ్లాగుకెళ్లి ఆకాశానికెత్తేవాడు. "మా ఊళ్లో పోస్టు చాలా త్వరగా వస్తుందండీ" అని సంబంధం లేని చోట రాసేవాడు. బల్ల పక్కన మేకుకి ఒక ఖాళీ హేంగరు తగిలించి, దానికి నంబరు చీటీ కూడా కట్టేశాడు.

"ఇదెవరి బట్టలకయ్యా?" అని లాండ్రీ యజమాని అడిగితే, "వస్తాయి" అన్నాడు.

ఆ కోటు ఒక్కసారి తన చేతికొస్తే చాలు. తన పని గొప్పదని కస్టమర్లు కాదు, పని తెలిసినవాళ్లు ఒప్పుకున్నట్టు. ఇంతకన్నా ఆయనకి ఈ జన్మలో వేరే కోరిక లేదు. పిన్నికి తెలుసు, నాకు తెలుసు, ఆ హేంగరుకి తెలుసు.

సరిగ్గా అప్పుడు దిగింది వెండి సూది.

ఆవిడ బ్లాగు తెరిస్తే ముందు వెలుతురు కనపడుతుంది. తెల్లటి బల్ల, పక్కన గాజుగ్లాసులో ఒకే ఒక్క పువ్వు, ఏటవాలుగా పడే ఎండ. ఆ తెలుపు మధ్యలో సాక్సో, చేతిరుమాలో, దాని మీద మాసిక. బాబాయి ఫోటోల్లో వెనక ఆవిరి మిషను, ఒక్కోసారి మిషను దగ్గరున్నవాడి మోచెయ్యి కనపడతాయి. మొదటిరోజే ఊలుబంతి అక్కడ రాసింది: "అక్కా, కళ్లకద్దుకోవాలి ఈ వెనకవైపుని."

బాబాయి ఆ వాక్యాన్ని మూడుసార్లు పైకి చదివాడు.

"నా వాక్యమేరా ఇది! నాకు రాసిన వాక్యం! ఇంకోటి రాయడం రాదా మనిషికి?"

"వాక్యం మీద మీ పేరేమన్నా కుట్టి ఉందా ఏంటి?" అంది పిన్ని, కుండీలో మట్టి గుల్ల చేస్తూ.

"నువ్వాగు. ఆ బల్ల చూడరా, పాలరాయి! పాలరాయి మీద పెడితే గోనెపట్టా కూడా అందంగానే ఉంటుంది."

"మీరూ పెట్టండి, ఎవరొద్దన్నారు?"

"నా దగ్గర పాలరాయేది?"

"ఒక పువ్వైనా పెట్టండి. కావాలంటే నేనిస్తాను."

మర్నాడు బాబాయి నిజంగానే పిన్ని పెంచిన పువ్వు కోసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. ఆవిరి తగిలి ఫోటో తీసేలోపే అది కమిలి నల్లబడింది. ఆ ఫోటోనే పెట్టాడు. "అన్నయ్యా, ఆ నల్లటిదేంటి, పురుగా?" అని ఒకరు అడిగారు.

అప్పట్నుంచి ఆయన తన బ్లాగు రాయడం తగ్గించి, ఆవిడ బ్లాగు చదవడం పెంచాడు. పొద్దున్నే తాళం తీయగానే ఆవిడ బ్లాగే. మధ్యాహ్నం తింటూ ఆవిడ బ్లాగే. ఆవిడకెన్ని కామెంట్లు, తనకెన్ని, ఎవరు ముందొచ్చారు, ఎవరు రాలేదు. నాతో మాట్లాడితే ఆవిడ గురించే. పాపం, పిన్నికి కూడా ఎప్పుడూ అంత శ్రద్ధ దక్కలేదు. ఆ మాట పిన్నే అంది.

"నా గురించి ఇందులో సగం ఆలోచించుంటే మన కాపురం ఎక్కడో ఉండేది."

"ఇది ప్రేమ కాదే, కడుపుమంట."

"తెలుసులెండి. ఆ మంటైనా నాకేదీ?"

ఇంతలో కోటు కదిలింది. ఊలుబంతి చేతిలో ఉన్న కోటు. ఊలుబంతి! ఇన్నాళ్లూ కళ్లకద్దుకున్న ఊలుబంతి! బాబాయి ఆ వారం హేంగరు తుడిచాడు. చీటీ మీద ఇంకు వెలిసిపోయిందని కొత్తది రాశాడు. శుక్రవారం ఊలుబంతి పోస్టు పడింది: "కోటు వెండి సూది అక్కకి పంపించాను."

ఆయన లేచి, హేంగరు తీసి, దానికి ఎవరిదో రెయిన్‌కోటు తగిలించి, ముందు గదిలోకి తోసేశాడు. ఆ రోజు వేసిన మాసికలన్నీ ఎంత బిగుతుగా ఉన్నాయంటే, ఒకాయన చొక్కా తొడుక్కుని మోచెయ్యి మడవలేకపోయాడు.

తర్వాత వెండి సూది పోస్టు వచ్చింది. కోటు ఎడమ భుజం కింద చిల్లు, పూడ్చాక ముందువైపు ఫోటో. నేనూ చూశాను. దొంగమాట ఎందుకు, చిల్లు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. వెనకవైపు ఫోటో మాత్రం లేదు.

బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చాన్నాళ్ల తర్వాత ఆయన మొహంలో రక్తం కనపడింది.

"చూశావా! తిప్పలేదు! ఎందుకు తిప్పలేదు? వెనక గందరగోళం కాబట్టి! ఒరేయ్, వేరే పేరుతో కామెంటు ఎలా పెడతార్రా?"

ఆ ప్రశ్న ఆయన నోట్లోంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నా సంతోషం అంతా ఇంతా కాదు. గుండీ పేరు నాకుంచుకుని, ఆయనకి కొత్త పేరు చేసిచ్చాను. ఏం పేరు కావాలని అడిగితే కాసేపు ఆలోచించి, "నిష్పక్షపాతి" అన్నాడు.

నిష్పక్షపాతి ఇలా రాశాడు: "వెనకవైపు చూపించలేదంటే ఏదో దాస్తున్నారని అర్థం. ముడి వేయడం రాకపోతే నేర్చుకోవచ్చు, సిగ్గుపడనక్కర్లేదు. అసలైన ముడి ఇలా ఉంటుంది." దాని కింద, నాతో చెప్పకుండా, ఒక ఫోటో కూడా జతచేశాడు. తన చేత్తో వేసిన నువ్వుగింజ ముడి. దగ్గర్నుంచి. మంచి వెలుతుర్లో.

పంపించేశాక నాకు చూపించాడు. నాకు నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు.

"బాబాయ్, ఇది నీ ముడి కదా?"

"నాదే. ఎవరిదో తీసి పెడితే దొంగతనమవుతుంది."

"వీళ్లకి నీ ముడి తెలుసు కదా?"

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ సంతలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కానీ ఎవరి ముడి ఏదో కళ్లు మూసుకుని చెప్తారు. మావాడు మొహం దాచుకోవడానికి పేరు మార్చుకుని, ఒంటి మీదున్న పుట్టుమచ్చని పెద్దది చేసి గోడకి తగిలించాడు.

మొదటి జవాబు ఊలుబంతిది: "నిష్పక్షపాతి గారూ, లాండ్రీలో అందరూ కులాసాయేనా?"

తర్వాత రిటైర్డ్ సూది: "ఒరేయ్ అబ్బాయ్, ముసుగేసుకుని చెయ్యి బయట పెట్టావేంట్రా?"

తర్వాత వరసగా. ఒకరు ఆవిరి మిషన్ క్షేమసమాచారాలు అడిగారు. ఒకరు "ఆ పురుగెలా ఉంది?" అన్నారు. ఇంకొకరెవరో పెద్దమనిషి, వెండి సూది పోస్టులోని చివరి మాటలు తీసి కింద అతికించారు. ఫోటో చూసిన ఊపులో మావాడు చదవని మాటలు: "వెనకవైపు రేపు పెడతాను. దాని గురించి కొంచెం చెప్పాల్సింది ఉంది."

బాబాయి తన బల్ల పక్కనున్న కంప్యూటరు మీద తువ్వాలు కప్పేశాడు. పక్షి పంజరానికి కప్పినట్టు.

"అయిపోయిందిరా. ఇంక కోటు నాకు రాదు. ఎవడిస్తాడు నాకు?"

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నేను జోకు వేయలేదు.

రెండ్రోజులు తువ్వాలు తీయలేదు. మూడోరోజు పిన్నే లాండ్రీకొచ్చి తీసింది. వెండి సూది వెనకవైపు ఫోటో పెట్టలేదు. రెండే వాక్యాలు రాసింది: "వెనకవైపు అడిగినవారికే కోటు పంపుతున్నాను. మీరే తిప్పి చూసి, అందరికీ చూపించండి."

పిన్ని నవ్వుతూ కుర్చీలో కూలబడింది. "అబ్బో, ఈవిడతో నేను స్నేహం చేస్తాను!"

"నవ్వకే. ఇది బహుమతా, శిక్షా?"

"కోటు కావాలన్నారు, వస్తోంది. వెనకవైపు కావాలన్నారు, వస్తోంది. ఇంకేం కావాలి మీకు?"

"ఇలా కాదే నేను కోరుకుంది" అన్నాడు బాబాయి. కానీ ముందు గదిలోకెళ్లి, రెయిన్‌కోటు తీసేసి, హేంగరు తెచ్చి మేకుకి తగిలించాడు.

పార్సెల్ వచ్చిన పొద్దున యజమాని కూడా కౌంటరు వదిలి వెనక్కొచ్చాడు. బాబాయి కత్తెరతో దారాలు తెంపాడు. కోటు ఒక తెల్లటి దుప్పటిలో చుట్టి ఉంది. ఆయన దాన్ని విప్పబోయి ఆగాడు. అంచున సన్నటి నీలం గీత. మూలన ఆస్పత్రి బట్టల గది ముద్ర, ఉతికి ఉతికి సగం చెరిగిపోయి. దుప్పటి నిండా మాసికలు. ఆయన వేళ్లతో తడుముతూ ఒక్కొక్కటీ లెక్కపెట్టబోయి మానేశాడు.

"ఒరేయ్, ఆవిడ బ్లాగు తెరువు."

తెరిచాను. గాజుగ్లాసు, పువ్వు, ఎండ. కింద తెల్లటి బల్ల. బల్ల అంచున, ఇన్నాళ్లూ మేమెవరమూ పట్టించుకోని సన్నటి నీలం గీత.

"పాలరాయి" అన్నాడు, బాబాయి గోల రోజూ వినే యజమాని, ఎవరూ అడక్కుండానే.

బాబాయి దుప్పటిని మడతల ప్రకారం మడిచి పక్కన పెట్టాడు. ఆస్పత్రి బట్టల గదిలో కూర్చుని ఆవిడ రోజూ ఇలాంటి దుప్పట్లు ఎన్ని కుట్టాలో, ఎవరు మెచ్చుకుంటారో, ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క క్షణం ఆయన మొహం మెత్తబడింది. ఒక్క క్షణమే. వెంటనే కోటు తీసుకుని, లోపలికి తిప్పి, దీపం వంచి, భుజం కింద చూశాడు.

చూస్తూనే ఉండిపోయాడు.

"ఏంటి బాబాయ్? గందరగోళమా?"

"నా ముడి" అన్నాడు.

నువ్వుగింజ ముడి. ఎవరూ కామెంటు పెట్టని పోస్టులోని ముడి. చెప్పాల్సింది ఉంది అని ఆవిడ రాసింది దీని గురించే. నాకు భలే సంబరమేసింది. "చూశావా, నీ దగ్గరే నేర్చుకుంది!" అన్నాను.

"నోరు ముయ్యి. వేలు పెట్టి చూడు."

పెట్టాను. ఏమీ తగల్లేదు.

"తగల్లేదు కదా? నాది తగులుతుంది. రెండోసారి దూర్చేటప్పుడు నేను ఒకే వైపు తిప్పుతాను. ఆవిడ ఎదురువైపు తిప్పింది. ముడి పడుకుంది." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "నా ముడి తీసుకుని, నాకన్నా బాగా వేసింది. ఇంతకన్నా దారుణం ఇంకేమైనా ఉందా?"

ఇప్పుడు దాన్ని ఫోటో తీసి, తన బ్లాగులో, అందరి కళ్ల ముందు, తనే పెట్టాలి. పెడితే పని తెలిసినవాళ్లందరికీ ఒక్క చూపులో అర్థమైపోతుంది. పెట్టకపోతే దాచింది ఆవిడ కాదు, తనే అవుతాడు.

ఫోటోలు తీశాడు. నాకిచ్చాడు. అన్నీ మసకగా ఉన్నాయి. ఒకదాంట్లో ఆయన బొటనవేలు సరిగ్గా ముడి మీదే ఉంది. టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చిన పిన్ని నా భుజం మీంచి చూసింది.

"సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే చెయ్యి, ఫోటో తీసేటప్పుడే వణికిందా?"

"వెలుతురు లేదే."

"ఇంత దీపం పెట్టుకుని?"

"కెమెరా పాతది."

"మీ ముడి ఫోటో తీసిన కెమెరాయే కదండీ? అది మాత్రం అద్దంలా వచ్చింది, ఊరంతా గుర్తుపట్టింది!"

పిన్ని టీ పోసి ఆయన ముందు పెట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అంది: "ఎవరూ చూళ్లేదని ఇన్నాళ్లూ ఏడ్చారు. ఆవిడ చూసింది. చూసి ఊరుకోకుండా దాంతో పని చేసింది. ఇంకా ఏడవాలంటే మీ ఇష్టం, నాకు అవతల కుండీలున్నాయి."

వెళ్లిపోయింది. ఆయన టీ తాగలేదు. కాసేపయ్యాక కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎండలో పెట్టి, ఆస్పత్రి దుప్పటిని కింద పరిచి, ఊపిరి బిగపట్టి ఒక ఫోటో తీశాడు. ప్రతి పోగూ కనపడింది.

తర్వాత తన వంతు చిల్లు ఎంచుకున్నాడు. జేబు పక్కది, అన్నిట్లోకీ పెద్దది. అల్లిక పూర్తయింది కానీ ముడి దగ్గర ఆగిపోయాడు. ఆ సాయంత్రం పాత గుడ్డల బుట్టలో చూస్తే, ఒక ముక్క నిండా ముడులే. ఎదురువైపు తిప్పినవి. కొన్ని మెలిపడ్డాయి, కొన్ని ఊడిపోయాయి, చివరి నాలుగూ పడుకున్నాయి. నేను చూశానని ఆయనకి తెలుసు. చూడనట్టు నేనూ, దాచనట్టు ఆయనా ఊరుకున్నాం.

పోస్టు పెట్టాడు. ముందు ఆవిడ వెనకవైపు, దాని కింద తన వెనకవైపు. మాటల్లేవు, ఫోటోలే. ఆయన తెలివి చూడండి, ఏమీ ఒప్పుకోలేదు, ఏమీ కాదనలేదు.

రిటైర్డ్ సూది అలా వదిలే మనిషి కాదు. "అబ్బాయ్, నీ ముడి మారిందే! పడుకుంది. ఎక్కడ నేర్చావు?"

బాబాయి కీబోర్డు ముందు కూర్చున్నాడు. "ఎప్పుడూ ఇలాగే" అని కొట్టాడు. చెరిపేశాడు. "సాధన వల్ల" అని కొట్టాడు. చెరిపేశాడు. కౌంటరు దగ్గర ఎవరో గంట కొట్టారు, యజమాని కేకేశాడు, ఈయన కదల్లేదు. చివరికి రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం పీకినట్టుగా కొట్టాడు: "వెండి సూది గారి దగ్గర." పంపించేసి, దెబ్బ తగిలినవాడిలా లేచి, ఆవిరి మిషన్ వెనక్కెళ్లి నిలబడ్డాడు.

కాసేపటికి అక్కడ్నుంచే అడిగాడు.

"ఒరేయ్, ఎన్నొచ్చాయి?"

"చాలా వచ్చాయి బాబాయ్. ఊలుబంతి కళ్లకద్దుకుంది."

"ఏ వెనకవైపుని? ఆవిడదా, నాదా?"

"రాయలేదు."

"అడుగు. వద్దులే, అడక్కు. కోటు పోస్టుకి ఆవిడకెన్ని, నాకెన్ని?"

లెక్కపెట్టాను. "నీకే ఎక్కువ. ఒక్కటి."

మిషన్ వెనకనుంచి ఒక మెరిసే మొహం బయటికొచ్చింది. "ఒక్కటా? ఎవరిదా ఒక్కటి?"

"వెండి సూదిదే. ఇప్పుడే పడింది. 'మొదటి తిప్పు మీదే కదండీ' అని రాసింది."

ఆయన నడుం మీద చేతులేసుకుని నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆవిడది లెక్కలోకి రాదురా. తీసెయ్."

నేను బాణం గుర్తుని దాని మీదికి తీసుకెళ్లాను. నొక్కేలోపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ" అన్నాడు. "ఒకటి ఎక్కువుంటే ఏం పోయింది?"

ఆ కోటు ఇంకా మేకుకే వేలాడుతోంది. దాన్ని ఎవరికి పంపాలా అని ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ఎవరి పేరు చెప్పినా, వాళ్ల బట్టలకి ఏదో ఒక వంక దొరుకుతోంది.